వీధికి రెండో చివర

చిన్నూ, బుజ్జీ,

"మాది కొత్త తారు రోడ్డు తాతయ్యా, పక్క కాలనీలో అన్నీ గతుకులే. అయినా అమ్మ అక్కడే సైకిల్ తొక్కుకోమంటుంది, ఎందుకు?" అని మొన్న ఫోన్లో అడిగారు. అమ్మ మాటే సరైంది.

మన చేలకి గోదావరి నీళ్ళు ఎలా వస్తాయో చూశారుగా. ధవళేశ్వరం నుంచి వచ్చే పెద్ద కాలువలో నీళ్ళు ఉరవడిగా పోతాయి. దాంట్లోంచి పిల్ల కాలువ, అందులోంచి బోదె. బోదెలో వేపాకు వేస్తే దాని పక్కనే నడుచుకుంటూ పోవచ్చు, అంత నెమ్మది. ఆ నీళ్ళు మన చేలోకే వచ్చాయి మరి, ఇంకెక్కడికో పోవాలన్న తొందర లేదు. అదే బోదె రెండో చివర తెగ్గొట్టి ఇంకో కాలువలో కలిపామనుకోండి, ఉరవడికి గట్లు కోసుకుపోతాయి. మీ వీధికి జరిగిందదే. ఇటు మెయిన్ రోడ్డు, అటు హైవే. సిగ్నల్ తప్పించుకోవాలనుకునే బళ్ళన్నీ అందులోకే మళ్ళుతాయి, నున్నటి రోడ్డు కదా అని ఇంకా జోరుగా పోతాయి. వేగం 30 నుంచి 60కి పెరిగితే దెబ్బ తీవ్రత రెట్టింపు కాదర్రా, నాలుగు రెట్లు! పక్క కాలనీ వీధి చివర గోడ ఉంది. అక్కడికొచ్చే బండి అక్కడి వాళ్ళింటికే వస్తుంది.

నేను సైకిల్ కాలువ గట్టు మీద నేర్చుకున్నాను. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డ తొక్కుడు. ఎదురుగా గేదెల మంద వచ్చేది. తోక చేతికి తగిలినా భయం వేసేది కాదు, వాటి నడకే అంత. వెనకాల వచ్చే ఆయన "చూసుకో అబ్బాయ్" అంటూ వాటిని పక్కకి తోలేవారు.

నెదర్లాండ్స్‌లో హౌటెన్ అనే ఊరిని ఈ లెక్కనే కట్టారు. కారులో ఒక పేట నుంచి ఇంకో పేటకి పోవాలంటే ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డెక్కాలి. సైకిలు మాత్రం ఊరి మధ్యలోంచి తిన్నగా పోతుంది. మన హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన కూడా 2023లో సోలార్ పలకల నీడన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మంచి పనే. కానీ పాల ప్యాకెట్ తేవడానికి, ట్యూషన్‌కి పోవడానికి మీకు కావలసింది ఇంటి ముందు వీధి. రేపు మీరు బండి నడిపే రోజున పిల్లలు ఆడుకునే సందుల్లోంచి అడ్డదారి పట్టకండి.

ఈ ఆదివారం సాయంత్రం గేటు దగ్గర ఓ అరగంట కూర్చోండి. వచ్చిన బళ్ళలో మీ వీధిలో ఆగినవెన్నో, ఆగకుండా దాటిపోయినవెన్నో రెండు వరసల్లో గీతలు గీయండి. ఆ కాగితం నాకు పంపండి, మీ కాలనీ అసోసియేషన్ వాళ్ళకీ చూపించండి.

మీ తాతయ్య