ఆకాశాన్ని తాకి వచ్చే రేడియో

హనుమకొండ

పెద్దోడికి, చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగింది, "ఫోన్‌లో ప్రపంచంలున్న రేడియోలన్నీ వస్తయ్ గదా అమ్మమ్మా, నువ్వు ఆ షార్ట్‌వేవ్ రేడియో గరగరలో చెవి పెట్టుకొని ఎందుకు కూసుంటవ్?" అని. ఫోన్‌లో చెప్తే సగంలోనే మీరు వేరే ముచ్చటలో పడతరు. అందుకే రాస్తున్న. దసరా సెలవులకు వచ్చేలోపు చదువుకొని రండి. వచ్చినంక మీతోని పనున్నది.

ఫోన్‌లో పాట పెట్టుకున్నప్పుడు "ఇది ఇక్కడికి ఎట్ల వచ్చింది?" అని మీరెప్పుడన్న అనుకున్నరా? అనుకోరు. నొక్కితే వస్తది, అంతే. దూరదేశాల స్టేషన్లు పట్టే నా షార్ట్‌వేవ్ రేడియోలో మాత్రం స్టేషన్ దొరకంగనే నాకు ముందు ఆ ప్రశ్నే వస్తది. ఇది ఏ దేశం? ఈ గంటకే ఎందుకు వస్తున్నది? నిన్న ఇదే చోట ఏమీ లేకుండె గదా, ఇయ్యాల ఎట్ల వచ్చింది? వాళ్లు చదివే వార్తలు, వేసే పాటలు నాకు తర్వాతి సంగతి. నలభై ఏండ్లు బడిలో సోషల్ చెప్పినదాన్ని, అట్లసులు తిరగేసుడు నాకు అలవాటు. ఈ రేడియోకు కూడా అట్లసు పక్కన ఉండాలె.

మన వరంగల్ ఆకాశవాణి ఎఫ్ఎం ఉన్నది గదా, దాని తరంగం తిన్నగ పోతది. గుట్ట అడ్డమొచ్చినా, దూరం పెరిగినా ఆగిపోతది. ములుగు దాటి మేడారం దిక్కు పోయేటప్పుడు బస్సులో ఆ పాట సన్నబడి సన్నబడి మాయమైతది. షార్ట్‌వేవ్ తరంగాలు, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మధ్యవి (సెకనుకు 30 లక్షల నుంచి 3 కోట్ల సార్లు ఊగేవి), అట్ల కాదు. అవి పైకి పోతయ్. పైన సూర్యకిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టిన పొరలు కొన్ని ఉంటయ్. వాటినే అయనోస్ఫియర్ అంటరు. అందులో అన్నింటి కంటె పైనున్నది ఎఫ్ పొర, సుమారుగ 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తుల. తరంగం అక్కడ వంగి మళ్లీ భూమికి దిగుతది, భూమిని తాకి మళ్లీ లేస్తది. భద్రకాళి చెరువులో మీరు చిల్లపెంకు అడ్డంగ విసిరితే నీళ్ల మీద ఎగురుకుంట పోతది చూడండి, అట్లన్నమాట. ఒక్క ఎగురుకు దాదాపు 4,000 కిలోమీటర్ల దాక పోగలదు. అట్ల రెండు మూడు ఎగురుళ్లలో యూరప్ నుంచి మన వాకిట్లోకి వచ్చి పడతది.

దీంట్లో ఒక తమాషా ఉన్నది. ఎగిరినచోటికి, దిగినచోటికి మధ్యల ఉన్న ఊర్లకు ఆ స్టేషన్ అందదు. అందుకే ఒక్కోసారి మన దేశంలో పక్క రాష్ట్రం నుంచి వచ్చేది వినపడదు, రొమేనియా మాత్రం గలగలమంటది.

ఇగ రాత్రి, పగలు సంగతి. ఇది తెలిస్తే సగం విద్య వచ్చినట్టే. ఎఫ్ పొర కంటె చాన కింద, 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య, డి పొర అని ఒకటుంటది. అది తరంగాన్ని వంచదు, మింగుతది. తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే ఇంకా ఎక్కువ మింగుతది. కాకపోతే అది ఎండ ఉన్నంతసేపే. పొద్దు గూకంగనే కరిగిపోతది, ఎఫ్ పొర మాత్రం తెల్లారేదాక నిలుస్తది. అందుకే పగలు ఎక్కువ ఫ్రీక్వెన్సీలు వెతకాలె: 19 మీటర్లు, 16 మీటర్లు, 13 మీటర్ల బ్యాండ్లు, అంటే స్టేషన్లు గుంపుగ ఉండే చోట్లు. చీకటి పడ్డంక 31, 41, 49 మీటర్లకు దిగాలె. మీటర్లు ఏంది, మెగాహెర్ట్జ్ ఏంది అని తికమక పడకండి. మీటర్లంటే తరంగం పొడుగు. 300ను మెగాహెర్ట్జ్‌తోని భాగిస్తే మీటర్లు వస్తయ్. 9.6 మెగాహెర్ట్జ్ అంటే 31 మీటర్లు చిల్లర. పెద్దోడు ఈ లెక్క నోటితోనే చేయాలె, క్యాలిక్యులేటర్ ముట్టొద్దు.

నాకు అన్నింటికంటె ఇష్టమైన సమయం పొద్దు గూకే గంట. ఆ కాసేపట్ల డి పొర పోయి, పైది ఇంకా బలంగ ఉంటది. నిమిషం నిమిషానికి బ్యాండ్ మారుతది. ఒక గొంతు పెద్దగైతది, అంతలోనే సన్నబడతది, మళ్లీ వస్తది. అది సెట్టు ఖరాబు కాదు. ఒకటే తరంగం రెండు మూడు తొవ్వల వచ్చి ఒక్కచోట కలుస్తది. కలిసినప్పుడు ఒకటికొకటి బలమిస్తే పెరుగుతది, ఎదురైతే తగ్గుతది.

మా చిన్నప్పుడు ఇంట్లో వాల్వు రేడియో ఉండె. బాపు ఏటా పోస్టాఫీసుకు పోయి రేడియో లైసెన్సు ఫీజు కట్టి వచ్చేటోడు. వినేదానికి లైసెన్సా అని మీకు నవ్వొస్తది, కాని 1980ల దాక మన దేశంలో ఆ చట్టం ఉండె. సీలింగు కింద ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి జాలీ పట్టీ కట్టి ఉండేది, దాన్నే ఏరియల్ అనేటోళ్లు. హైదరాబాద్ ఆకాశవాణి కూడ 4800 కిలోహెర్ట్జ్ మీద షార్ట్‌వేవ్‌లో వచ్చేది. కాని అందరికి మోజు రేడియో సిలోన్ మీద, అంటే ఇప్పటి శ్రీలంక రేడియో మీద. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికుల కోసం కొలంబో దగ్గర పెట్టిన పెద్ద ట్రాన్స్‌మీటర్ యుద్ధం అయినంక సిలోన్‌కు దక్కింది. 1952లో మన సర్కారు ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గించేసరికి దేశమంత ముల్లు సిలోన్ దిక్కు తిప్పింది. బుధవారం రాత్రి 8 గంటలకు హిందీ సినిమా పాటల బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ గొంతు, తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై గొంతు. ఆ పోటీకి తట్టుకోలేకనే 1957 అక్టోబర్ 3న ఆకాశవాణి పాటల సర్వీసు వివిధభారతి మొదలైంది. ఆ మరునాడే, అక్టోబర్ 4న, రష్యావాళ్ల స్పుత్నిక్ ఆకాశంలోకి పోయింది. అది 20.005 మెగాహెర్ట్జ్ మీద బీప్ బీప్ మనేది. అంటే షార్ట్‌వేవ్ సెట్టున్న వాళ్లు ఎంతోమంది ఇంట్ల కూసుండి మొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని చెవులతోని విన్నరు. నేను అప్పటికి పుట్టలేదు. దానికి ఇప్పటికీ నాకు కడుపుమంటే.

వార్తలకు మాత్రం బీబీసీ. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ చనిపోయిన సంగతి ఆకాశవాణి సాయంత్రం దాక చెప్పలేదు, బీబీసీ అప్పటికే చెప్పింది. అట్లని బయటిది ఏది వచ్చినా నిజమే అనుకోకండి. అప్పట్ల ఒకటే సంగతిని మాస్కో ఒక తీరు చెప్పేది, వాషింగ్టన్ ఇంకో తీరు. రెండూ విని ఎవరు ఏం దాస్తున్నరో పట్టుకునేది ఆ రోజుల్లో మాకు ఒక ఆట. ఇప్పుడు కూడ మీకు ఒక ఫ్రీక్వెన్సీ మీద రెండు గొంతులు కొట్లాడుకుంటున్నట్టు వినపడితే గమనించండి. చైనా తనకు నచ్చని ప్రసారం మీద తన సొంత స్టేషన్‌ను కావాలనే మోగిస్తది. ముందట ఐతే దానికి బదులు డోళ్లు, తాళాల సంగీతం గంటలకొద్ది వేసేటోళ్లు. జామింగ్ అంటరు దీన్ని.

షార్ట్‌వేవ్ పని అయిపోయింది అనేటోళ్లున్నరు. సగం నిజమే. రేడియో నెదర్లాండ్స్ 2012లో పోయింది, రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరిలో పోయింది. దాని ప్రసారం మొదలయ్యే ముందు ఆస్ట్రేలియాల ఉండే కూకబుర్ర పిట్ట నవ్వులాంటి కూత వినిపించేటోళ్లు. బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆగింది. ఐనా సెట్టు పెడితే బీబీసీ ఇంగ్లిష్, చైనా, జపాన్, రొమేనియా, టర్కీ ఇంకా దొరుకుతయ్. స్టేషన్ పేరు తెలియకున్నా ఫికర్ లేదు. భాష ఏందో ఊహించండి, గంట కొట్టేదాక ఆగండి, అప్పుడు చాన స్టేషన్లు తమ పేరు చెప్పుకుంటయ్. స్టేషన్లు తమ టైములు, ఫ్రీక్వెన్సీలు ఏటా రెండుసార్లు మారుస్తయ్, మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఒకసారి. పాత పట్టిక చూసుకొని కూసుంటే ఏమీ దొరకదు.

ఇప్పుడు అసలు శత్రువు దూరం కాదు, మన ఇల్లే. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టరు, వైఫై డబ్బా, నాసిరకం మొబైల్ చార్జర్లు అన్నీ ఏదో ఒక మోత పుట్టిస్తయ్. కరెంటు పోతే కాలనీలో అందరు తిట్టుకుంటరు, నేను మాత్రం రేడియో పట్టుకొని డాబా ఎక్కుత. వీధంత చీకటైతే బ్యాండ్ కడిగినంత శుభ్రంగ ఉంటది. పాఖాల చెరువు గట్టు మీద అయితే ఇంకా బాగుంటది, ఈసారి పోదాం. బ్యాటరీ సెట్టు, పది మీటర్ల వైరు, దాని కొసకు మొసలి క్లిప్పు, ఇంతే సామాను. వైరును ఏ కొమ్మకో కట్టి క్లిప్పును రేడియో ఏరియల్‌కు పట్టియ్యాలె. ఉరుములుంటే మాత్రం ముందు వైరు ఊడబీకుడే, దాంట్లో పరాచికాలు లేవు.

సెట్టు కొత్తది కావాలంటే డిజిటల్ అంకెలు చూపించేది కొనండి, ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) అనే సౌకర్యం ఉంటే మంచిది. అది ఉంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర హామ్ రేడియోవాళ్ల, అంటే సరదాకు సొంత రేడియోలతోని ఒకరితోని ఒకరు మాట్లాడుకునేటోళ్ల ముచ్చట్లు వింటరు. అది లేకుంటే వాళ్ల మాట బాతు అరిచినట్టే వస్తది. మన దేశం హామ్‌లకు ఇచ్చే రేడియో గుర్తు పేర్లు వీయూ అక్షరాలతోని మొదలైతయ్. మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలె. పెద్దోడికి మోజు పుడితే హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని 1983 నుంచి ఒక సంస్థ ఉన్నది.

సెట్టు లేకున్నా ఒక తొవ్వ ఉన్నది. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయంవాళ్లు తమ రేడియోను ఇంటర్నెట్‌కు కలిపిన్రు, దాని ముల్లు మీరే ఇక్కడి నుంచి తిప్పొచ్చు. రాత్రిపూట దాంట్లో 4625 కిలోహెర్ట్జ్ పెట్టి చూడండి. రష్యా నుంచి ఎన్నో ఏండ్లుగ ఒకటే జీరమోత, ఎప్పుడో ఒకసారి ఎవరో కొన్ని పేర్లు, అంకెలు చదువుతరు. ఎవరికోసమో రష్యా చెప్పదు. చిన్నికి ఇది నచ్చుతదని నాకు తెలుసు. ఐతే ఆ రేడియో చూసేది నెదర్లాండ్స్ ఆకాశాన్ని, మన హనుమకొండ ఆకాశాన్ని కాదు. అందుకే నేను దాంతోని సరిపెట్టుకోను.

నోటుబుక్కు తప్పనిసరి. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, ఏం విన్నరు, ఎంత బాగ వచ్చింది రాయాలె. టైము మన గడియారంది కాదు, యూటీసీ, అంటే ప్రపంచమంతటికి ఒకటే లెక్క. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేయాలె, రాత్రి 8:30 అంటే 15:00. నాణ్యతకు సిన్పో అని అంకెలున్నయ్: సిగ్నల్ బలం, పక్క స్టేషన్ అడ్డు, గరగర, ఎక్కుడు తగ్గుడు, మొత్తం మీద ఎట్లున్నదో. ఒక్కోదానికి 1 నుంచి 5. ఐదు ఐదులంటే బ్రహ్మాండం. ఇవన్నీ రాసి స్టేషన్‌కు పంపితే వాళ్లు సరిచూసి, మీరు విన్నది నిజమే అని ఒప్పుకుంట క్యూఎస్ఎల్ కార్డు పంపుతరు. ఇనుప బీరువాలో కింది అరలో ఉన్న డబ్బా మీరు ఇప్పటిదాక తెరవలేదు, దాంట్లోవన్నీ ఈ కార్డులే. కొన్ని దేశాలైతే ఇప్పుడు పటంలో కూడ లేవు.

ఒక్కోరోజు ఏమీ రాదు. బ్యాండంత మూగదైతది. 2024 మే నెలలో సూర్యుడి మీద పెద్ద తుఫాను లేచి లద్దాఖ్ ఆకాశం ఎర్రగ మెరిసింది, పేపర్లో చూసిన్రు గదా. అట్లాంటి సౌర తుఫానులు షార్ట్‌వేవ్‌ను కూడ అతలాకుతలం చేస్తయ్. ఏమీ రాని రోజు కూడ నోటుబుక్కులో రాయాలె. మరునాడు సూర్యుడి మీద ఏం జరిగిందో చూసుకుంటే కారణం దొరకొచ్చు.

బతుకమ్మ రోజుల్లో ఏడింటి దాక వీధిలో మైకులుంటయ్, అప్పుడు కుదరదు. పండుగ తెల్లారి నుంచి మొదలుపెడదాం, తెల్లారుజామున ఐదింటికి లేవాలె, ముందే చెప్తున్న. పెద్దోడు రాగి వైరు తేవాలె, చిన్ని అట్లసు తేవాలె. మీ నాయన ఆ సస్త చార్జరు మాత్రం ఇంట్ల వదిలిపెట్టి రమ్మనండి, అది సాకెట్లో ఉంటే 31 మీటర్ల బ్యాండ్ మీద నాకు ఒక్క స్టేషన్ దొరకదు.

మీ అమ్మమ్మ