పాత పియానోకు వెల కట్టడం ఎలా?

మంచి వయొలిన్ వందేళ్లు దాటినా వన్నె తగ్గదు. పియానో సంగతి వేరు. పైన పాలిష్ ఎంత మెరుస్తున్నా, లోపల సుమారు 230 ఉక్కు తీగలు రాత్రీపగలూ లాగుతూనే ఉంటాయి. అన్నిటి బిగువూ కలిపితే 15 నుంచి 20 టన్నులు. ఎవరూ వాయించని రోజున కూడా పాపం అది ఆ భారం మోయాల్సిందే. కాబట్టి దాని వయసు అడిగేముందు, ఆ లాగుడుకు ఇంకా ఆగగలదా అని చూడాలి.

బిగువులో ఎక్కువ భాగాన్ని పోత ఇనుప చట్రం భరిస్తుంది. శ్రుతి నిలబడటం మాత్రం పిన్ బ్లాక్ అనే చెక్క దిమ్మె చేతిలో ఉంటుంది. గట్టి చెక్క పొరలు అతికించి చేసిన ఆ దిమ్మెలో, తీగల కొసలు చుట్టిన ట్యూనింగ్ పిన్నులను పట్టి ఉంచేది ఒక్క రాపిడే. బంకా లేదు, నట్టూ లేదు. ఏటేటా గాలిలో తేమ పెరిగి తగ్గుతుంటే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, చివరికి రంధ్రాలు వదులవుతాయి. ఇక శ్రుతి చేసిన కొద్దిరోజులకే జారిపోతుంది. కాస్త వదులైతే లావుపాటి పిన్నులు వేస్తే సరి. దిమ్మే చీలితే తీగలన్నీ విప్పి, చట్రాన్ని పైకెత్తాలి. ఖర్చు అమాంతం పెరిగేది అక్కడే.

తీగల కంపనాన్ని పెద్ద నాదంగా మార్చే చెక్క పలక, అంటే సౌండ్ బోర్డు మీద పగులు కనబడగానే చాలామంది ఆశ వదులుకుంటారు. అంత తొందర వద్దు. పలక అడుగున ఉండే చెక్క పట్టీలు గట్టిగా అతుక్కుని ఉంటే పగిలిన పలకా చక్కగానే మోగుతుంది. పలకకుండే కొద్దిపాటి వంపు పోతేనే బెంగ పడాలి. తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండ్ పియానో అయితే పలక కింద ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగించి పట్టండి; నడుమ సన్నని సందు కనిపిస్తే వంపు ఉన్నట్టే. తీగలను కొట్టే హ్యామర్ల మీది ఉన్ని ఫెల్టు అరిగినా, పురుగు కొట్టినా మార్చుకోవచ్చు.

బాగుచేశాక పలికే ధరలోంచి బాగుచేసే ఖర్చు తీసేస్తే మిగిలేదే ఇవాళ్టి విలువ. పేరున్న తయారీదారుల గ్రాండ్ పియానోలను పక్కన పెడితే, చాలావాటికి ఏమీ మిగలదు. బామ్మ వాయించిన పియానో గురించి ఈ మాట చెప్పాలంటే నాకూ మనసు రాదు.

మరీ అరుదైన వాద్యానికి ఈ లెక్క పనికిరాదు. పియానోను కనిపెట్టిన బార్తొలొమేయో క్రిస్టోఫోరి చేసినవాటిలో మూడే మిగిలాయి: 1720, 1722, 1726 నాటివి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న 1720 పియానోకు 1938లో సౌండ్ బోర్డు మార్చేశారు. ఆయన చెవిన పడిన నాదం ఎలాంటిదో ఇక ఆ వాద్యం చెప్పలేదు.