వెన్ను ఆపరేషన్ అయ్యాక జవాబు రాయనివాళ్లు: ఓ పాత చిక్కు నేపథ్యం

వెన్ను ఆపరేషన్ల ఫలితాల మీద ఏ పరిశోధనా పత్రం తిరగేసినా ఒక వాక్యం కనిపిస్తుంది. ఇంతమందికి ఆపరేషన్ చేశాం, రెండేళ్ల తర్వాత వాళ్లలో ఇంతమందే ఇప్పుడెలా ఉందో చెప్పే ఫారం నింపి పంపారు అని. మరి మిగతావాళ్లు? నొప్పి తగ్గి పనుల్లో పడి మర్చిపోయారా, తగ్గక విసిగిపోయి ఇంకో డాక్టర్‌ను వెతుక్కున్నారా? మౌనం అర్ధాంగీకారం అనే మాట ఇక్కడ చెల్లదు. చదువులో వెనకబడ్డ పిల్లల్ని పరీక్షకే కూర్చోనివ్వకుండా నూటికి నూరు శాతం పాస్ అని ఫ్లెక్సీ కట్టుకునే బడి లెక్క లాంటిదే ఇదీ కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ అనుమానం తీర్చుకోవడానికి వైద్యులకు చాలా ఏళ్లు పట్టింది. పూర్తిగా తీరిందనీ చెప్పలేం.

మొదట ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తినవాడు బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ అమోరీ కాడ్మన్. ఆపరేషన్ చేసిన ప్రతి రోగినీ కనీసం ఏడాది తర్వాత వెతికి పట్టుకుని, ఫలితం ఏమైందో కార్డు మీద రాయాలన్నది ఆయన పట్టు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పెద్దలకు అది నచ్చలేదు. 1914లో ఆయన అక్కడ రాజీనామా చేశారు. అప్పటికే నడుపుతున్న తన సొంత చిన్న ఆసుపత్రిలో 337 మంది రోగుల వివరాలు, వాళ్ల చికిత్సలో జరిగిన 123 పొరపాట్లతో సహా అచ్చు వేయించారు. ఈ రోజుల్లో కూడా అంత ధైర్యం చేసే ఆసుపత్రి కనిపించడం కష్టం.

1934లో అదే మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కడం వల్ల కాలు లాగుతుందని, ఆపరేషన్‌తో దాన్ని సరిచేయొచ్చని రాశారు. ఆ తర్వాత డిస్క్ ఆపరేషన్లు విపరీతంగా పెరిగాయి. కానీ ఫలితం ఎలా ఉందో తేల్చేది చాలాకాలం పాటు సర్జనే. 1971లో మాక్నాబ్ పేరుతో వచ్చిన కొలమానం కూడా అద్భుతం, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు అని నాలుగు గడులు పెట్టి, ఎవరిని ఏ గడిలో వేయాలో డాక్టర్ చేతికే వదిలింది. రోగి క్లినిక్‌కు రాకపోతే ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని ఫైల్లో రాసి ఊరుకునేవారు.

పరిస్థితిని మార్చింది 1980లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆస్వెస్ట్రీ ప్రశ్నావళి. నొప్పి, నడక, కూర్చోవడం, నిద్ర, ప్రయాణం లాంటి 10 భాగాలు. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. టిక్కు పెట్టేది రోగే. ఫలితం చెప్పే అధికారం డాక్టర్ నుంచి రోగికి మారింది కాబట్టి, రోగి చెప్పకపోతే ఏమిటన్న ప్రశ్న కూడా అప్పుడే అసలు రూపంలో ముందుకొచ్చింది.

స్వీడన్ 1993లో దేశవ్యాప్త వెన్ను ఆపరేషన్ల రిజిస్ట్రీ, అంటే రోగుల వివరాలూ ఫలితాలూ ఒకేచోట నమోదు చేసే ఏర్పాటు, మొదలుపెట్టింది. నార్వే తన రిజిస్ట్రీని 2007లో ప్రారంభించింది. ఆ దేశాల్లో ప్రతి పౌరుడికీ పుట్టుక నుంచీ ఒక వ్యక్తిగత సంఖ్య ఉంటుంది. ఇల్లు మారినా ఉత్తరం చేరుతుంది, చనిపోతే రిజిస్ట్రీకి తెలుస్తుంది. అయినా కొన్ని ఫారాలు తిరిగి రాలేదు.

ఎంతమంది తప్పిపోతే ఫలితాన్ని నమ్మకూడదు? 5 శాతం లోపైతే పర్వాలేదు, 20 శాతం దాటితే ప్రమాదం అనే సూత్రం ఒకటి వైద్య పరిశోధనలో స్థిరపడిపోయింది. గుర్తుపెట్టుకోవడానికి తేలిక అన్నదే దాని బలం. గణాంక శాస్త్రవేత్త డోనాల్డ్ రూబిన్ 1976లోనే అంతకంటే ముఖ్యమైన సంగతి చెప్పారు: ఎంత డేటా పోయిందన్నది కాదు, ఎందుకు పోయిందన్నది చూడాలి. ఊరికే ఉత్తరం పోగొట్టుకున్న మనిషి వేరు, నొప్పి తగ్గలేదన్న కోపంతో చించి పారేసిన మనిషి వేరు.

1997లో బ్రిటన్‌లో తుంటి మార్పిడి రోగుల మీద వచ్చిన అధ్యయనం అందరినీ ఉలిక్కిపడేలా చేసింది. తర్వాత కనిపించకుండా పోయినవాళ్ల చివరి పరీక్ష రికార్డులు తీసి చూస్తే, క్రమం తప్పకుండా వచ్చినవాళ్ల కంటే వాళ్ల పరిస్థితి అధ్వానంగా ఉంది. వెన్ను సర్జన్లకూ అదే భయం పట్టుకుంది.

2011లో నార్వేలోని ట్రోమ్సో వైద్యులు దీన్ని నేరుగా పరీక్షించారు. నడుం ఆపరేషన్ అయిన 633 మందిలో రెండేళ్లకు 22 శాతం మంది జవాబివ్వలేదు. వాళ్లకు ఫోన్ చేసి అవే సంగతులు అడిగారు. జవాబిచ్చినవాళ్ల కంటే వీళ్ల ఫలితాలు చెడ్డగా ఏమీ లేవని తేలింది. డెన్మార్క్‌లో 2016లో, స్వీడన్‌లో 2018లో, నార్వేలోనే మెడ ఆపరేషన్ల మీద 2023లో వచ్చిన అధ్యయనాలు కూడా దాదాపు ఇదే మాట అన్నాయి. రాయనివాళ్లలో వయసు తక్కువవాళ్లు ఎక్కువ. ఉద్యోగం, పిల్లలు, ఇల్లు అంటూ పరుగెత్తే వయసులో పేజీల కొద్దీ ఫారం ఎవరు నింపుతారు!

ఈ ఊరటను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. ఫోన్‌లో దొరికినవాళ్లు కూడా రాయనివాళ్లలో ఒక భాగమే. పైగా ఎదుటి మనిషి ఆసుపత్రి నుంచి మాట్లాడుతుంటే, కాగితం మీద పెట్టిన టిక్కు కంటే కాస్త మెరుగైన జవాబే నోటికొస్తుంది. “ఎలా ఉన్నారండీ?” అంటే “బాగానే ఉన్నానండీ” అనేయడం మనకూ అలవాటే కదా. స్వీడన్‌లోనే 2020లో ఇంకో బృందం, ఆపరేషన్‌కు ముందున్న వివరాలను బట్టి అంచనా కడితే తప్పిపోయినవాళ్ల ఫలితం కొద్దిగా తక్కువగానే ఉంటుందని లెక్క తేల్చింది.

ఉత్తర యూరప్ లెక్కను తెచ్చి మన దగ్గర అతికించుకోవడం కూడా కుదరదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక దూరపు ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో విశాఖకో వచ్చి ఆపరేషన్ చేయించుకునే పేదవాళ్లకు దారి దొరికింది. అలాంటి కేసుల్లో ఫైల్లో ఉండే ఫోన్ నంబర్ కొడుకుదో అల్లుడిదో అయి ఉంటుంది, సిమ్ మారిపోయి ఉంటుంది. మళ్లీ చూపించుకోవడానికి రావాలంటే బస్సు ఛార్జీ, తోడు మనిషి, ఒక రోజు కూలి పోవాలి. ఇక్కడి మౌనానికి నార్వే మౌనానికి లేని కారణాలు ఇవి.

ఫారం నింపినా మొత్తం నింపుతారని లేదు. ఆస్వెస్ట్రీలో లైంగిక జీవితం గురించి ఒక భాగం ఉంది. కూతురో కోడలో చదివి వినిపిస్తుంటే దానికి పెద్దావిడ ఏం చెబుతుంది? ఆ భాగాన్ని ఖాళీగా వదిలేస్తే మొత్తాన్ని 50కి కాకుండా 45కి లెక్కగట్టమని స్కోరింగ్ నియమాలు చెబుతున్నాయి.