స్కాట్లాండ్ ఇంటిపేర్లు: అపోహలు – వాస్తవాలు

పూర్వీకుల వివరాలు వెతికిపెట్టడం నా పని. అమెరికా, కెనడాల్లో స్థిరపడిన స్కాటిష్ కుటుంబాల వాళ్ళు చాలామంది ఇంటిపేరుతోనే మొదలుపెడతారు. "మాది మెక్‌గ్రెగర్ వంశం, ఆ క్లాన్ (తెగ) నాయకుడి నుంచి మా దాకా వంశవృక్షం గీసివ్వండి" అంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే మూలపురుషుడూ ఒక్కడే.

వాస్తవం: మన దగ్గర ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో, గోత్రాల్లో ఉన్నట్టే అక్కడా ఉంటుంది. స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండ ప్రాంతం హైలాండ్స్‌లో క్లాన్ నాయకుడి భూమిలో, అతని అండలో బతికిన కౌలు రైతులు చాలామంది అతని పేరే పెట్టుకున్నారు. రక్తసంబంధం ఉండాలనేం లేదు. మెక్‌గ్రెగర్ల సంగతి మరీ క్లిష్టం. 1603లో గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర కొల్‌హూన్ క్లాన్‌తో జరిగిన పోరు తర్వాత ఆ పేరునే నిషేధించారు. వదులుకోకపోతే మరణశిక్ష! దాంతో కొందరు డ్రమండ్ అయ్యారు, కొందరు క్యాంప్‌బెల్, మరే, గ్రేమ్ అయ్యారు. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్ళీ పెట్టారు, చివరికి 1774లో రద్దు చేశారు. ఇన్నేళ్ళలో అందరూ పాత పేరుకు తిరిగి రాలేదు. అందుకే ఇవాళ్టి డ్రమండ్ ఇంట్లో మెక్‌గ్రెగర్ మూలాలు దొరికితే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

అపోహ: ఎల్లిస్ ఐలాండ్‌లో (న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన కేంద్రం) గుమాస్తాలు మా పేరు మార్చేశారు.

వాస్తవం: ప్రయాణికుల జాబితాలు బయల్దేరే రేవులో ఓడ కంపెనీ వాళ్ళే రాసేవారు. ఎల్లిస్ ఐలాండ్‌లో వాటితో సరిచూసేవారు, అంతే. పైగా అది తెరిచింది 1892లో. స్కాట్‌ల వలస అంతకు చాలా ముందే మొదలైంది: హెక్టర్ ఓడ హైలాండర్లను కెనడాలోని నోవా స్కోషియాలో ఉన్న పిక్టోకు చేర్చింది 1773లో!

అపోహ: ప్రతి ఇంటిపేరుకూ ఒక కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు మీద గీసే వంశ చిహ్నం) ఉంటుంది.

వాస్తవం: ఉండదు. స్కాట్లాండ్‌లో అది ఇంటిపేరుకు కాదు, వ్యక్తికి దక్కేది. ఈ చిహ్నాల వ్యవహారాలు చూసే లార్డ్ లయన్ కోర్టు ఇస్తుంది. షాపుల్లో పేరు చూసి అమ్మే ఫలకాలు దయచేసి కొనకండి.

అపోహ: మా పూర్వీకుడు 1855కి ముందే స్కాట్లాండ్ వదిలి వెళ్ళిపోయాడు, ఇక ఆధారాలు దొరకవు.

వాస్తవం: స్కాట్లాండ్‌లో ప్రభుత్వ జనన మరణాల నమోదు 1855 జనవరి 1న మొదలైన మాట నిజమే. కానీ వెళ్ళిపోయిన మనిషి కోసమే కాదు, ఊళ్ళో ఉండిపోయిన అన్న కోసమో చెల్లెలి కోసమో కూడా వెతకండి. 1855 తర్వాత వాళ్ళు చనిపోయి ఉంటే, మరణ నమోదులో తల్లిదండ్రుల పేర్లు రాస్తారు, తల్లి పుట్టింటి పేరుతో సహా. సమాచారం ఇచ్చినవాళ్ళకు తెలిసి ఉండాలి, అంతే. ఆ రెండు పేర్లతో పాత పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) రిజిస్టర్లలోకి వెళ్ళండి. అవి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ రాసినవి. మీవాళ్ళు కాథలిక్కులైతే వాళ్ళ చర్చి రికార్డులు విడిగా చూడాలి.