నల్లని కురుల్లో ఎండపొడ

సెలూన్ కుర్చీలో కూర్చోగానే చేతికి రంగుల కార్డు ఇస్తారు. కారమెల్, హనీ, చెస్ట్‌నట్, యాష్ బ్రౌన్ అంటూ చిన్న చిన్న కుచ్చులు వరుసగా మెరుస్తుంటాయి. ఆ కుచ్చుల అడుగున నలుపు ఉండదు, అవి లేత పోగులకు పట్టించిన రంగులు. మన తల మీద ఉన్నదేమో లోపలి నుంచీ నల్లగా పుట్టిన జుట్టు. కార్డులో మనసుపడిన రంగు తల మీద అలాగే దిగడం అందుకే అరుదు. హైలైట్స్, అంటే నలుపు మధ్య అక్కడక్కడా లేతరంగు వేసిన పాయలు, సహజంగా ఉండాలని కోరుకునేవారు తేల్చుకోవలసింది రంగు పేరు కాదు, తమ నలుపుకూ ఆ పాయల రంగుకూ మధ్య ఎంత దూరం ఉండాలన్నది. దూరం తక్కువైతే మామూలు గోధుమ రంగు కూడా పుట్టుకతో వచ్చినట్టు ఒదిగిపోతుంది. ఎక్కువైతే ఎంత ఖరీదైన రంగైనా అతికించినట్టే ఉంటుంది.

మన వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది. పైన ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పారదర్శకమైన రేకులే క్యూటికిల్. దాని లోపల కెరాటిన్ అనే ప్రోటీన్ పోగులతో నిండిన కార్టెక్స్ ఉంటుంది. జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ రేణువులు ఉండేది ఇక్కడే. నలుపు, గోధుమ ఛాయలనిచ్చే యూమెలనిన్, ఎరుపు, పసుపు ఛాయలనిచ్చే ఫియోమెలనిన్ అని ఇది రెండు రకాలు. బరువులో చూస్తే వెంట్రుకలో మెలనిన్ వాటా చాలా స్వల్పం. ఆ కాస్తే ఇంత నలుపు తెస్తుంది.

ఈ నలుపును తగ్గిస్తే వెంటనే ముద్దొచ్చే గోధుమ రంగు రాదు. ముందు ఎరుపు, ఆ తర్వాత నారింజ, ఇంకా తగ్గిస్తే పసుపు బయటపడతాయి. మెలనిన్ అన్ని రంగుల కాంతినీ పీల్చుకుంటుంది కానీ సమానంగా పీల్చుకోదు. నీలం వైపు ఎక్కువగా, ఎరుపు వైపు తక్కువగా పీలుస్తుంది. దట్టంగా ఉన్నంత కాలం ఏ కాంతినీ బయటికి పోనివ్వదు. కాస్త పలచబడగానే ముందుగా తప్పించుకునేది ఎరుపు. చిక్కని ఫిల్టర్ డికాక్షన్‌లో కొద్దికొద్దిగా వేడినీళ్లు పోస్తూ గాజు గ్లాసును వెలుతురులోకి ఎత్తి చూస్తే ఇదే వరుస కనిపిస్తుంది. మెలనిన్ అంతా పోయినా చివరికి మిగిలేది స్వచ్ఛమైన తెలుపు కాదు, కెరాటిన్‌కు సొంతమైన లేత పసుపు ఛాయ. సెలూన్లలో అందరూ జడుసుకునే ఆ నారింజ రంగుకు ఎవరి అశ్రద్ధా కారణం కానక్కర్లేదు. నల్లజుట్టు లేతబడే దారే అది.

రంగులు వేసేవారు ఈ దారిని 1 నుంచి 10 వరకు లెవెల్స్‌గా లెక్కిస్తారు. 1 అంటే కటిక నలుపు, 10 అంటే అతి లేత బ్లాండ్. తెలుగువారిలో చాలామంది సహజమైన జుట్టు 1 నుంచి 3 లోపే ఉంటుంది. 4 దగ్గర ఎరుపు కలిసిన గోధుమ, 5, 6 దగ్గర రాగి, నారింజ, 8 దగ్గర పసుపు బయటపడతాయి. సినిమా తారల ఫొటో చూపించి అడిగే లేత తేనెరంగు పాయలు 7, 8 లెవెల్స్‌లో ఉంటాయి. అంటే మన జుట్టు అయిదారు మెట్లు ఎక్కాలి. నన్నడిగితే 4, 5 దగ్గరే ఆగిపోవడం మేలంటాను. ఇందులో అందమొక్కటే కాదు, వెంట్రుక ఆరోగ్యం లెక్క కూడా ఉంది.

మెట్లు ఎక్కించే పని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ది. దీన్ని 1818లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ జాక్ తెనార్ కనుగొన్నాడు. 1867 పారిస్ ప్రదర్శన నాటికి ఇది జుట్టును బంగారు రంగుకు మార్చే ద్రవంగా జనం ముందుకొచ్చింది. ఇప్పుడు సెలూన్‌లో డెవలపర్ అనే సీసాలో ఉండేది ఇదే. దాని మీద 20 వాల్యూమ్ అని ఉంటే, ఒక లీటరు ద్రవం పూర్తిగా విడిపోయినప్పుడు 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. శాతంలో చెబితే 6. 30 అంటే 9 శాతం, 40 అంటే 12 శాతం. పెరాక్సైడ్ ఒక్కటే పెద్దగా లోపలికి పోదు. అమోనియా లాంటి క్షారం రేకులను ఉబ్బించి దారి ఇస్తేనే కార్టెక్స్ చేరి మెలనిన్‌ను ఆక్సీకరిస్తుంది. అంతకు మించి లేతబరచాలంటే పెర్సల్ఫేట్ లవణాలున్న బ్లీచ్ పౌడర్ కలపాలి.

ఈ ఆక్సీకరణకు మెలనిన్ ఏదో, కెరాటిన్ ఏదో తేడా తెలియదు. కెరాటిన్ పోగులను కట్టి ఉంచే గంధకపు బంధాలు కూడా కొన్ని తెగి సిస్టీయిక్ ఆమ్లంగా మారిపోతాయి. తెగిన బంధం మళ్లీ మొదటిలా అతుక్కోదు. వెంట్రుక పైభాగాన సహజంగా ఒక పలుచని కొవ్వు పొర ఉంటుంది. నీళ్లు అంటకుండా, వేళ్ల మధ్య జారేలా చేసేది అదే. క్షారం, పెరాక్సైడ్ కలిసి దాన్ని ఊడ్చేస్తాయి. బ్లీచ్ చేసిన జుట్టు తడిస్తే తొందరగా ఆరకపోవడానికీ, చిక్కుపడటానికీ మూలం ఇక్కడే ఉంది. ఎక్కిన ప్రతి మెట్టుకూ ఈ నష్టం పెరుగుతుంది. ఇంతకుముందు ఏ రంగూ వేయని జుట్టును రెండు మూడు లెవెల్స్ ఎత్తడానికి చాలా సందర్భాల్లో బ్లీచ్ లేకుండా పెరాక్సైడ్ కలిపిన మామూలు రంగే సరిపోతుంది. అప్పటికే నల్లరంగు వేసుకున్న జుట్టు మీద ఆ పద్ధతి పనిచేయదు. కొత్త రంగుకు పాత రంగును ఎత్తే శక్తి లేదు.

నారింజ బయటపడ్డాక దాన్ని అణచడానికి వాడేది టోనర్. రంగుల చక్రంలో నారింజకు ఎదురుగా నీలం, పసుపుకు ఎదురుగా ఊదా ఉంటాయి. ఎదుటి రంగు కొద్దిగా కలిపితే రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని బూడిద ఛాయ వస్తుంది. యాష్ బ్రౌన్ అనే పేరు మీద అమ్ముడయ్యేది ఇదే. చిక్కేమిటంటే టోనర్ కొన్ని వారాల తలస్నానాలతో కారిపోతుంది, కింది రాగిరంగు మళ్లీ తేలుతుంది. మొదటి వారం ఫొటోలో బాగున్న యాష్ మూడో నెలలో ఇత్తడిలా మారిందని బాధపడేవారు చాలామంది. రాగి, దాల్చినచెక్క, ముదురు కారమెల్ లాంటి వెచ్చని రంగునే మొదట ఎంచుకుంటే టోనర్ పోయినా పెద్ద తేడా ఉండదు, కారిపోయిన రంగు కింద ఉన్నది దాని చుట్టమే. చామనఛాయ ముఖాలకు చల్లని బూడిద రంగు కంటే ఇదే నప్పుతుందని నా నమ్మకం. ఇది రుచికి సంబంధించిన మాట కాబట్టి ఎవరైనా కాదనవచ్చు.

రంగు సరే, దాని పక్కన ఏముందన్నది అంతకంటే ముఖ్యం. పారిస్‌లోని గోబ్లాఁ రాజ కార్ఖానాలో గోడలకు వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసేవారు. అక్కడి అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రూల్‌కు ఒక ఫిర్యాదు అందింది. నీలం, ఊదా బట్టల మడతల్లో నీడ కోసం వాడే నల్ల ఉన్నిలో చేవ లేదని నేతగాళ్లు అన్నారు. ఆయన ఇతర కార్ఖానాల నల్ల ఉన్నితో పోల్చి చూశాడు. లోపం అద్దకంలో లేదు, నలుపు పక్కన ఉన్న రంగుల్లో ఉంది. పక్కపక్కనున్న రంగులు కంటికి ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న ఆ పరిశీలనను 1839లో పుస్తకంగా అచ్చు వేశాడు. జుట్టుకూ ఇదే సూత్రం. నలుపును ఆనుకున్న లేత పాయ ఉన్నదానికంటే లేతగా కనిపిస్తుంది, నలుపు మరింత నల్లబడుతుంది. లెవెల్ 6 పాయ తెల్లకాగితం మీద పెడితే మామూలు గోధుమే, తల మీద మాత్రం బంగారు చారలా కొడుతుంది. అందుకే కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు ముదురు తీసుకున్నా నష్టపోయేదేమీ లేదు.

పాయ వెడల్పు మరో సంగతి. మామూలు చూపు ఒక మీటరు దూరం నుంచి దాదాపు 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నని వివరాలను విడదీయలేదు. మూడు మీటర్ల దూరంలో ఆ హద్దు 0.9 దగ్గరికి వెళుతుంది. నాలుగైదు వెంట్రుకల పాయను అంత దూరంలో కూర్చున్నవారు రంగు వేసిన పాయగా గుర్తించలేరు, నలుపులో కలిసిపోయిన ఒక వెచ్చదనంగానే చూస్తారు. అదే సెంటీమీటరు వెడల్పు పాయ వీధి చివరి నుంచి కూడా చారలాగే ఉంటుంది. బేబీలైట్స్ అని సెలూన్లలో అనేది ఈ సన్నని పాయలనే. దువ్వెన కొసతో కొద్ది కొద్ది వెంట్రుకలను ఏరి ఫాయిల్‌లో పెట్టాలి కాబట్టి గంటలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. కుంచెతో మొదళ్లను వదిలి కొసల వైపు రంగు పూసే బాలియాజ్‌లో గీత ఎక్కడ మొదలైందో తెలియదు కాబట్టి జుట్టు పెరిగినా ఇబ్బంది ఉండదు.

అన్నీ కుదిరినప్పుడు ఆ పాయలు వెలిగినట్టు ఉండటానికి కారణాన్ని కంప్యూటర్ బొమ్మలు తయారుచేసేవారు బాగా విడమరిచారు. యానిమేషన్ పాత్రలకు నమ్మదగిన జుట్టు గీయడం కోసం 2003లో స్టీఫెన్ మార్ష్నర్ బృందం వెంట్రుక మీద కాంతి పడే తీరును కొలిచింది. వెంట్రుక మీద పడిన వెలుగులో కొంత పైరేకుల నుంచే తిరిగి వస్తుంది. అది రంగులేని తెల్లని మెరుపు. మరికొంత లోపలికి దూరి, అవతలి గోడను తాకి, మెలనిన్ మధ్యగా వెనక్కి వస్తుంది. ఇది వెంట్రుక రంగును పులుముకుని వస్తుంది. రేకులు కాస్త ఏటవాలుగా ఉండటం వల్ల ఈ రెండో మెరుపు మొదటిదాని పక్కకు జరిగి పడుతుంది. కటిక నల్లజుట్టులో రెండోది లోపలే ఇంకిపోతుంది కాబట్టి మనం చూసేది తెల్లని నిగారింపే. కొద్దిగా లేతబడిన పాయలో రెండో మెరుపుకు దారి దొరుకుతుంది. 4, 5 లెవెల్ పాయలు గదిలో కనిపించకుండా, ఎండలోకి రాగానే రాజుకోవడం ఇందువల్లే. రంగు ఎలా వచ్చిందో సెలూన్ దీపాల కింద కాక కిటికీ దగ్గర చూడాలి.

ఏ పాయలకు వేయాలో ఎండ ఎప్పటినుంచో చూపిస్తూనే ఉంది. అతినీలలోహిత కిరణాలు మెలనిన్‌ను మెల్లగా చెరుపుతాయి. పొలాల్లో, ఆటస్థలాల్లో గడిపే పిల్లల జుట్టు నడినెత్తిన, ముఖం చుట్టూ, కొసల్లో ఎర్రబడి, మెడ మీద మాత్రం నల్లగానే మిగులుతుంది. ఆ వరుసను అనుసరిస్తే కన్ను నమ్ముతుంది. మీరు జుట్టును రోజూ ఎలా ఉంచుకుంటారో కూడా ముందే చెప్పాలి. విరబోసిన జుట్టుకు కుదిరిన హైలైట్స్ జడ వేస్తే మెలికలు తిరిగి చారికలు కట్టవచ్చు, ముడి వేస్తే మెడ దగ్గరి లోపలి జుట్టు బయటపడుతుంది. పాపిడి తరచూ మార్చేవారికి పాపిడి గీతను ఆనుకుని పాయలు తీస్తే, మార్చిన రోజున ఒక పక్కకు కుప్పగా చేరతాయి.

తెల్లవెంట్రుకలు అక్కడక్కడా వస్తున్నవారికి ఇది ఇంకా పనికొచ్చే పద్ధతి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తలంతా నల్లరంగు వేస్తే రెండు మూడు వారాలకే మొదళ్లలో తెల్లగీత తొంగిచూస్తుంది. సన్నని గోధుమ పాయల మధ్య తెల్లవెంట్రుక కూడా మరో లేత పాయలా కలిసిపోతుంది, గీత ఏర్పడదు.

గోరింటాకు పెట్టుకునే అలవాటున్నవారు మాత్రం ఆ సంగతి దాచకూడదు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం కెరాటిన్‌తో గట్టిగా కలిసి బ్లీచ్‌కు కూడా మొండికేస్తుంది. దాని మీద నీలి ఆకు పొడి కూడా పట్టించి ఉంటే లేతబరిచినప్పుడు ఆకుపచ్చ తేలవచ్చు. నల్ల హెన్నా పేరుతో దొరికే పొట్లాల్లో చాలావాటిలో పారాఫినిలీన్ డయామిన్ అనే కృత్రిమ రంగు పదార్థం ఉంటుంది. కొన్ని మిశ్రమాల్లో లోహ లవణాలు ఉంటే పెరాక్సైడ్ తగలగానే వేడి పుట్టి వెంట్రుక దెబ్బతినవచ్చు. ఎప్పుడో మానేశామనుకోవడానికీ లేదు. నెలకు సెంటీమీటరు లెక్కన 60 సెంటీమీటర్ల జడ కొస అయిదేళ్ల కిందటిది. చెవి వెనుక నుంచి కొస దాకా చిన్న పాయ తీసి ముందు దాని మీద పరీక్షించమని అడగాలి. రంగు ఒంటికి సరిపడుతుందో లేదో 48 గంటల ముందు చర్మం మీద చూసుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు బ్లీచ్ పౌడర్ ధూళికి దూరంగా ఉండాలి. అందులోని పెర్సల్ఫేట్లు ఆ వృత్తిలో ఉన్నవారికే ఉబ్బసం తెచ్చిన సందర్భాలున్నాయి.

తర్వాతి సంరక్షణకు ఖరీదైన సీసాల కంటే ముందు కొబ్బరినూనె గుర్తుకు రావాలి. కొబ్బరి, పొద్దుతిరుగుడు, ఖనిజ నూనెలను పోల్చిన భారతీయ పరిశోధకులు 2003లో ప్రచురించిన వ్యాసంలో, తలస్నానానికి ముందు రాస్తే మామూలు జుట్టులోనూ దెబ్బతిన్న జుట్టులోనూ ప్రోటీన్ నష్టాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటేనని చూపారు. దాని అణువులు చిన్నవి, నిటారుగా ఉంటాయి కాబట్టి లోపలికి ఇంకుతాయి. నూనె వెంట్రుకల మధ్య ఖాళీలను నింపి కాంతి చెదరడాన్ని తగ్గిస్తుంది, అందువల్ల రాసినన్నాళ్లూ జుట్టు మరింత నల్లగా కనిపిస్తుంది, లెవెల్ 4 పాయలు ఇంచుమించు మాయమవుతాయి. ఊరికి వెళ్లినప్పుడు నాయనమ్మ కంట పడకూడదనుకునేవారికి ఇది అదనపు సౌకర్యం.