ఎలుక కొరకలేదు

హన్మకొండ

చిన్నీ, బబ్లూ,

మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు నా కుడికాలి చిటికెన వేలు ఏమైందని అడిగితే ఎలుక కొరికిందన్నాను. మీరు నమ్మలేదని తెలుసు. అసలు సంగతి ఇదీ. నాయనమ్మకు మాత్రం చదివి వినిపించకండి, మళ్లీ మొదటి నుంచి తిడుతుంది.

పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాడిని. కొంత దూరం పోగానే కుడి పిక్క పట్టేసేది. రెండు నిమిషాలు ఆగితే పోయేది. మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ పట్టేసేది. ముసలితనం అనుకున్నా. డాక్టరేమో బీపీ పట్టీని చీలమండ పైన కట్టి చూశాడు. చేతి కంటే కాలి దగ్గర చాలా తక్కువ వచ్చింది. షుగర్ వల్ల నాళం సన్నబడి, పిక్కకు రక్తం చాలడం లేదన్నాడు.

అందరూ పైపులో నాచు పట్టినట్టు అంటారు గానీ అది సరైన పోలిక కాదు. వానాకాలం మన పాతింటి గోడ చెమ్మెక్కి, సున్నం పొక్కులు లేచేది చూడండి, అలాంటిది. చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నాళం లోపలి పల్చటి పొర పాడవుతుంది. చెడు కొలెస్ట్రాల్ గోడలోకి దూరుతుంది. దాన్ని తినడానికి వచ్చిన తెల్లరక్తకణాలు తిని తిని అక్కడే ఇరుక్కుపోతాయి. గోడ ఉబ్బి దారి ఇరుకవుతుంది. ఆ పొక్కు చిట్లితే దాని మీద రక్తం గడ్డ కడుతుంది. గుండె నాళంలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం. బీపీ, బీడీ తోడైతే ఇంకా తొందరగా. నేను బీడీ కూడా తాగేవాణ్ని, అది మీకు తెలియదు.

ఒకరోజు చెప్పు కరిచింది. షుగర్ కాలి స్పర్శను కూడా తీసేసింది కాబట్టి నాకేం తెలియలేదు. గచ్చు మీద రక్తపు మరకలు చూసి నాయనమ్మ అరిచింది. రక్తం అందని చోట పుండు మానదు. వేలు నల్లబడింది, తీసేశారు.

మీ పెద్దతాతకైతే ఛాతీలో నొప్పే రాలేదు. చెమటలు, ఆయాసం. సకినాలు ఎక్కువ తిన్నా, గ్యాస్ అంటూ రాత్రంతా సోడా తాగుతూ కూర్చున్నాడు. పొద్దున ఈసీజీ తీస్తే గుండెపోటు. షుగర్ ఉన్నవాళ్లకు ఇలా నొప్పి లేకుండా రావడం మామూలే.

బ్రిటన్‌లో 1977లో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో, మొదట్లోనే షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్లకు ఏళ్లు గడిచాక గుండెపోట్లు తగ్గాయని 2008లో తేలింది. నేను మొదటి ఐదేళ్లు మాత్రే వేసుకోలేదు. నొప్పి లేదు కదా అని.

ఇప్పుడు రోజూ రాత్రి నాయనమ్మ అద్దం పెట్టి నా అరికాళ్లు చూస్తుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పని మీరు చేయండి. ఆమెకు చూపు ఆనడం లేదు.

మీ తాత