గాడి దారి చూపుతుంది, కారును పట్టి ఉంచదు

ట్రాక్‌లోని గాడి వెంట విద్యుత్తుతో పరుగెత్తే బొమ్మ కార్ల పోటీని, అంటే స్లాట్ కార్ పందేన్ని, మొదటిసారి చూసేవారికి ఒక సందేహం తప్పకుండా కలుగుతుంది. కారు గాడి వెంటే పోతుంది, స్టీరింగ్ లేదు. ఇక నడిపేవారి నేర్పుకు చోటెక్కడ? కారు ముక్కు కింద నుంచి గాడిలోకి దిగేది కొద్ది మిల్లీమీటర్ల ప్లాస్టిక్ నాలుక మాత్రమే. అది ముందు భాగానికి దారి చూపుతుంది గానీ వెనుక భాగాన్ని పట్టి ఉంచదు. మలుపులో వేగం మించితే వెనుక చక్రాలు బయటికి జారతాయి, నాలుక మెలితిరిగి గాడిలోంచి లేచిపోతుంది, కారు పల్టీ కొడుతుంది. దాన్ని నివారించగలిగేది చేతిలోని కంట్రోలర్ ట్రిగ్గర్ మీద ఉన్న ఒక్క వేలే.

అమెరికాలో లయోనెల్ సంస్థ 1912లోనే విద్యుత్తుతో నడిచే బొమ్మ కార్లను అమ్మింది. అయితే ఈ అభిరుచికి నేటి రూపం వచ్చింది 1957లో. బ్రిటన్‌లో కీ ఇస్తే పరుగెత్తే రేకు కార్లను తయారుచేస్తున్న ఫ్రెడ్ ఫ్రాన్సిస్ వాటికి విద్యుత్ మోటారు అమర్చి, ఆ ఏడాది హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్‌స్ట్రిక్ పేరుతో చూపించారు. అసలు కారులో ముప్పై రెండో వంతుండే 1:32 కొలత కార్లు ఇప్పటికీ ఇళ్లలో విరివిగా కనిపిస్తాయి.

గాడికి రెండు వైపులా ఉండే లోహపు పట్టాల నుంచి, నాలుకకు ఇరువైపులా ఉన్న సన్నని రాగి జడల ద్వారా కరెంటు మోటారుకు అందుతుంది. ట్రిగ్గర్ నొక్కేకొద్దీ మోటారుకు అందే వోల్టేజి పెరుగుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ట్రిగ్గర్ వదిలినప్పుడు జరిగే సంగతి. బ్రేకు ఉన్న కంట్రోలర్ ఆ క్షణంలో సరఫరాను ఆపడమే కాక, రెండు పట్టాలనూ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి కనుక మోటారు అప్పుడు జనరేటరుగా మారుతుంది. అది పుట్టించిన కరెంటు లెంజ్ నియమం ప్రకారం ఆ తిరుగుడునే అడ్డుకుంటుంది. కారులో బ్రేకు దిమ్మలు లేకపోయినా కారు ఆగుతుంది. పైగా వేగం ఎంత ఎక్కువగా ఉంటే ఈ బ్రేకు అంత గట్టిగా పడుతుంది, వేగం తగ్గేకొద్దీ మెత్తబడుతుంది.

ఇక మలుపు సంగతి. కారును వంపు తిప్పడానికి కావలసిన బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. దాన్ని అందించాల్సింది టైర్ల ఘర్షణ. ఘర్షణ గుణకం 1 అనుకుంటే, అంటే టైర్ల పట్టు కారు బరువుతో సమానమనుకుంటే, 30 సెంటీమీటర్ల వ్యాసార్థం గల మలుపులో వెనుక చక్రాలు సెకనుకు 1.7 మీటర్ల వేగం దాకా నిలుస్తాయి. ఈ లెక్కలో కారు బరువు కొట్టుకుపోతుంది, ఎందుకంటే బరువు పెరిగితే ఘర్షణతో పాటు జడత్వమూ అంతే పెరుగుతుంది. మలుపును ముప్పై రెండింతలు చిన్నది చేసినా, అందులో నిలవగల వేగం 32 వర్గమూలం మేరకు, అంటే సుమారు 5.7 రెట్లే తగ్గుతుంది. ట్రాక్‌ను కుదించాం గానీ గురుత్వాకర్షణను కుదించలేదు కదా! చిన్న కార్లు కంటికి అందనంత చురుగ్గా కనిపించడానికి కారణం అదే.

కారు అడుగున అయస్కాంతం బిగిస్తే అది ఇనుప పట్టాల వైపు కారును లాగుతుంది. ఆ లాగుడు కారు బరువుతో సమానమైతే, జడత్వం దాదాపు పెరగకుండానే ఘర్షణ రెట్టింపవుతుంది; అదే మలుపులో 2.4 మీటర్ల వేగం సాధ్యమవుతుంది. కానీ దూరం పెరిగితే అయస్కాంతపు పట్టు చాలా త్వరగా పడిపోతుంది. వెనుక భాగం కాస్త పైకి లేచిందంటే చాలు, ఏ హెచ్చరికా లేకుండా కారు ఎగిరిపోతుంది. అయస్కాంతం లేని కారు ముందుగా తోక ఊపుతుంది, వేలికి సవరించుకునే వ్యవధి ఇస్తుంది. అందుకే అయస్కాంతం తీసేసి నడపడాన్నే నేను ఇష్టపడతాను.

అప్పుడు భారమంతా టైర్లదే. సెల్లోటేపు ముక్కను జిగురు పైకి ఉండేలా బల్ల మీద పరిచి, దాని మీద వెనుక చక్రాలను దొర్లిస్తే బూడిదరంగు దుమ్ము, నూలుపోగులు, వెంట్రుకలు చారలుగా అంటుకుంటాయి. అలా తుడిచిన తర్వాత అదే కారు, అదే మలుపును ఇంకాస్త వేగంగా తిరుగుతుంది.

ట్రాక్‌లో పక్కపక్కనే ఉండే గాడి దారుల్లో, అంటే లేన్లలో, లోపలిదాని వ్యాసార్థం 22 సెంటీమీటర్లయితే అక్కడ నిలవగల వేగం 1.5 మీటర్ల లోపే. దూరం తక్కువ కనుక మలుపు త్వరగానే పూర్తవుతుంది గానీ, ఆ తర్వాతి తిన్నని దారిలోకి కారు నెమ్మదిగా ప్రవేశిస్తుంది. ఈ తేడా వల్లనే క్లబ్బు పోటీల్లో ప్రతి ఆటగాడూ వంతులవారీగా అన్ని లేన్లలోనూ నడుపుతాడు. బయటి లేన్ నుంచి లోపలికి మారిన తొలి చుట్టులో వేలు ఇంకా పాత మలుపు లెక్కలోనే ఉంటుంది. ట్రిగ్గర్‌ను ఒక జానెడు దూరం ముందే వదలాల్సి ఉండగా అలవాటు ప్రకారం ఆలస్యంగా వదులుతుంది, కారు గాడి దాటేస్తుంది.